మ్యూజికల్‌ను ఓటీటీలో చూపిస్తే టికెట్లు తెగుతాయా, ఆగుతాయా? అపోహలు - వాస్తవాలు

రంగస్థల సంగీత నాటకాలకు, అంటే మ్యూజికల్స్‌కు, టికెట్ల ధరలు నిర్ణయించడం, ఏ ప్రదర్శనకు ఎన్ని సీట్లు మిగిలాయో రోజూ చూసుకోవడం నా వృత్తి. నాటకాన్ని చిత్రీకరించి ఓటీటీకి ఇద్దామన్న ప్రతిపాదన వచ్చిన ప్రతిసారీ నిర్మాతలు రెండు వర్గాలుగా చీలిపోతారు. ఇంట్లో చూడగలిగినదానికి డబ్బు పెట్టి ఎవరు వస్తారని ఒక వర్గం అడుగుతుంది. ఇంతకు మించిన ప్రచారం ఎక్కడ దొరుకుతుందని రెండో వర్గం అంటుంది. ఇరువైపులా కొంత నిజం ఉంది. అయితే ఏ నాటకం గురించి, అది ఏ దశలో ఉండగా, ఎవరు కొనే సీట్ల గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోకుండానే ఇద్దరూ తీర్పు చెప్పేస్తారు.

అపోహ: ఇంట్లో చూసినవారు నాటకశాలకు రారు.

వాస్తవం: ఓటీటీ ప్రేక్షకుడు, నాటకశాల ప్రేక్షకుడు ఒకరేనన్న ఊహ మీద ఈ భయం నిలబడి ఉంది. న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వేలో ‘హామిల్టన్’ మ్యూజికల్ ఆడే రిచర్డ్ రాడ్జర్స్ నాటకశాలలో సుమారు 1,320 సీట్లు ఉన్నాయి. వారానికి 8 ప్రదర్శనలు వేసి, అన్నీ నిండినా, దాదాపు 10,500 మందికి మించి చూడలేరు. అదే నాటకం 2020 జులై 3న డిస్నీ ప్లస్‌లోకి వచ్చినప్పుడు, ఆ సంస్థ చందాదారుల్లో అత్యధికులు న్యూయార్క్‌కు ఎంతో దూరంలో ఉండేవారే. టికెట్ కొనే అవకాశమే లేనివారు ఇంట్లో చూస్తే, దానివల్ల పోయిన సీటు అంటూ ఏదీ ఉండదు.

ఈ ఉదాహరణను వాడేవారు దాచకుండా చెప్పవలసిన సంగతి ఒకటుంది. కరోనా కారణంగా 2020 మార్చి 12న బ్రాడ్‌వే మొత్తం మూతపడింది కనుక, ఆ జులైలో నష్టపోవడానికి అసలు టికెట్లే అమ్మకంలో లేవు. 2021 సెప్టెంబరు 14న ప్రదర్శనలు తిరిగి మొదలైన తర్వాతి కాలాన్నే మనం ఆధారంగా తీసుకోవాలి. చందా ఉన్న ప్రతి ఇంట్లో ఎప్పుడంటే అప్పుడు చూడగలిగే ఆ నాటకం ఈనాటికీ బ్రాడ్‌వేలో ఆడుతూనే ఉంది. పదేళ్ల పండుగ సందర్భంగా 2025 సెప్టెంబరులో అదే చిత్రీకరణను సినిమా హాళ్లలో విడుదల చేస్తే, అమెరికాలో మొదటి వారాంతంలోనే సుమారు 1 కోటి డాలర్లు వసూలైంది. అయిదేళ్లుగా ఇంట్లో ఉన్న దాని కోసమే జనం డబ్బిచ్చి బయటికి వచ్చారు. పాటలు కంఠతా వచ్చినవారికి, వాటిని నలుగురితో కలిసి వినడమే కావలసింది అయి ఉంటుందని నా నమ్మకం.

అపోహ: ‘హామిల్టన్’కు కలిసొచ్చింది కాబట్టి ఏ నాటకానికైనా కలిసొస్తుంది.

వాస్తవం: ఓటీటీ నోటి మాటను వేగంగా మోసుకెళ్తుంది, కానీ మంచి మాటను మాత్రమే ఏరి మోయదు. బ్రిటన్ యువరాణి కథ అయిన ‘డయానా’ మ్యూజికల్ 2020 మార్చిలో ముందస్తు ప్రదర్శనల దశలోనే ఆగిపోయింది. ఆ తర్వాత ప్రేక్షకులు లేని లాంగేకర్ నాటకశాలలో దాన్ని చిత్రీకరించి, 2021 అక్టోబరు 1న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదల చేశారు. బ్రాడ్‌వేలో నాటకం లాంఛనంగా ప్రారంభమైంది నవంబరు 17న. డిసెంబరు 19న అది ముగిసింది. చెత్త సినిమాలకు ఇచ్చే రాజ్జీ అవార్డుల్లో ఆ చిత్రీకరణకే అధమ చిత్రం బిరుదు దక్కింది.

ఆ డిసెంబరులో ఒమిక్రాన్ విజృంభించి ఎన్నో నాటకాలను దెబ్బతీసింది కాబట్టి దోషమంతా నెట్‌ఫ్లిక్స్ మీద వేయడం న్యాయం కాదు. అయినా ఈ వరుసక్రమంలో ఉన్న ప్రమాదాన్ని నిర్మాతలు గుర్తించాలి. ముందస్తు ప్రదర్శనలు ఉన్నదే మరమ్మతుల కోసం: పగలు ఒక సన్నివేశాన్ని కత్తిరిస్తారు, రాత్రి ఆడి చూస్తారు, పేలని పాట స్థానంలో మరో పాట పెడతారు. ఆ మరమ్మతులు పూర్తి కాకముందే చిత్రీకరిస్తే నాటకం అక్కడే గడ్డకట్టుకుపోతుంది. తర్వాత వేదిక మీద ఎంత సరిదిద్దుకున్నా, జనం అప్పటికే చూసిన పాత రూపాన్ని బట్టే టికెట్ కొనాలో వద్దో తేల్చుకుంటారు.

అపోహ: నష్టం అన్న మాటే లేదు, అధ్యయనాలు తేల్చేశాయి.

వాస్తవం: తేల్చింది ఒక రకం ప్రసారం గురించి మాత్రమే. లండన్‌లోని నేషనల్ థియేటర్ 2009 జూన్‌లో తన నాటకాలను సినిమా హాళ్లకు ప్రత్యక్షంగా ప్రసారం చేయడం మొదలుపెట్టింది. ఆ ప్రసారాల ప్రభావాన్ని పరిశీలించిన బ్రిటన్ సంస్థ నెస్టా పరిశోధకులు, అవి ఎక్కువగా అందుబాటులో ఉన్న ప్రాంతాల్లో నాటకాలకు హాజరు తగ్గిన దాఖలాలు లేవనీ, పెరిగిన సూచనలే ఉన్నాయనీ చెప్పారు. ఇది ఊరటనిచ్చే ఫలితమే.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా అనుభవం ఇందుకు భిన్నంగా ఉంది. 2006 డిసెంబరులో సినిమా హాళ్ల ప్రసారాలు ప్రారంభించిన ఆ సంస్థ అధిపతి పీటర్ గెల్బ్, అవి తమ సొంత టికెట్ల అమ్మకాలను కొంత తినేశాయని తర్వాతి కాలంలో బహిరంగంగానే అంగీకరించారు. అక్కడ నింపవలసిన సీట్లు సుమారు 3,800. ఏటా రెండు మూడు సార్లు ప్రయాణం చేసి వచ్చే అభిమాని, అందులో ఒకసారి ఇంటి దగ్గరి సినిమా హాలుతో సరిపెట్టుకుంటే, ఆ ఖాళీ కంటికి కనిపిస్తుంది. నా అనుభవంలోనూ ముందుగా పలచబడేది ఈ రెండో రాకే. మొదటిసారి వచ్చేవారి సంఖ్య అంత సులభంగా తగ్గదు. దీర్ఘకాలం ఆడిన మ్యూజికల్‌ను నిలబెట్టేవారిలో మళ్లీ మళ్లీ వచ్చేవారు ఎందరో లెక్క తీయకుండా హక్కులు అమ్మడం తొందరపాటు అవుతుంది.

అపోహ: సినిమా వచ్చాక ‘వికెడ్’ అమ్మకాలు పెరిగాయి, అది చాలదా?

వాస్తవం: చాలదు. ‘వికెడ్’ మ్యూజికల్ ఆధారంగా తీసిన సినిమా 2024 నవంబరు 22న విడుదలైంది. ఆ డిసెంబరు చివరి వారంలో బ్రాడ్‌వే ‘వికెడ్’ 9 ప్రదర్శనలకు 50 లక్షల డాలర్లు దాటి వసూలు చేసి రికార్డు సృష్టించింది. అయితే ఆ సినిమాలో నటులు వేరు, దృశ్యాలు వేరు, కథలో సగమే ఉంది. వేదిక మీది అనుభవం ఇంకా చూడనిదిగానే మిగిలింది. రంగస్థల చిత్రీకరణ అమ్మేది ఆ వేదికనే కాబట్టి, ఒకదాని లెక్కను మరొకదానికి అతికించకూడదు.

అపోహ: చిత్రీకరణ చూస్తే నాటకం చూసినట్టే.

వాస్తవం: ‘హామిల్టన్’ను 2016 జూన్‌లో ప్రేక్షకుల నడుమ చిత్రీకరించారు, దగ్గరి దృశ్యాలను వారు లేనప్పుడు విడిగా తీశారు. బ్రిటన్ రాజు జార్జ్ పాత్రలో జొనాథన్ గ్రోఫ్ పాడుతున్నప్పుడు పెదవుల నుంచి గడ్డం మీదికి జారే ఉమ్మి కూడా తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి వరుసలో కూర్చున్నవారికి సైతం అంత దగ్గరి చూపు దొరకదు. మరోవైపు, ఆ వేదిక మీద ఒకదానిలో ఒకటి ఇమిడి తిరిగే రెండు వలయాలు ఉన్నాయి. ఒకరు పాడుతుండగా వెనక నృత్య బృందం ఆ వలయాల మీద ఎదురెదురు దిక్కుల్లో కదిలిపోతుంటే, ఎవరిని చూడాలో బాల్కనీలో కూర్చున్న ప్రేక్షకుడే ఎంచుకుంటాడు. తెర మీద ఆ ఎంపికను ఎడిటర్ ముందే చేసేశాడు. మంచి చిత్రీకరణ చూసినవారికి ఆ పక్కన ఏం జరిగిందన్న కుతూహలం మిగులుతుంది. టికెట్ కొనించగలిగేది ఆ కుతూహలమే.

అపోహ: ఎప్పుడు విడుదల చేసినా ఒకటే.

వాస్తవం: ‘షి లవ్స్ మీ’ మ్యూజికల్‌ను 2016 జూన్ 30న బ్రాడ్‌వే నుంచి ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపించారు, జులై 10న నాటకం ముగిసింది. పది రోజుల్లో మూతపడేదానికి పోయే టికెట్లు అంతంతమాత్రమే, వచ్చేవీ అంతే. సగం పట్టణాలకు పర్యటన ఇంకా మిగిలి ఉన్న నాటకం విషయంలో ఈ నిర్ణయం పూర్తిగా వేరు.

అపోహ: విడుదలయ్యాక సభలు నిండుతూనే ఉన్నాయంటే ప్రభావం లేనట్టే.

వాస్తవం: శనివారం రాత్రి సీట్లు ఎలాగూ నిండుతాయి, కాబట్టి ఆ లెక్క ఏమీ చెప్పదు. సీట్ల పటం తెరిచినప్పుడు నేను ముందుగా చూసేది మంగళవారం రాత్రి, పై బాల్కనీ చివరి మూడు వరుసలు. అవి పూర్తి ధరకు తెగుతున్నాయా, తగ్గింపు ధరకు తెగుతున్నాయా, ప్రదర్శనకు ఎన్ని రోజుల ముందు తెగుతున్నాయి అన్న మూడు అంకెలను విడుదలకు ముందు ఎనిమిది వారాలు, తర్వాత ఎనిమిది వారాలు పక్కపక్కన పెట్టి చూస్తాను. సభ నిండినట్టే ఉండి, తగ్గింపు టికెట్ల వాటా వారం వారం పెరుగుతూ పోతే, ఓటీటీ ఇచ్చిన సొమ్ములోంచి మొదట తీసి పక్కన పెట్టవలసింది పూర్తి ధరకూ తగ్గింపు ధరకూ మధ్య ఉన్న ఆ తేడానే.