నాలుగు గోడల మధ్య రిమోట్ విమానం: అపోహలు - వాస్తవాలు

ఆషాఢం వచ్చిందంటే బరంపురంలో మన కల్యాణ మండపాలు ఖాళీ. మాకు అప్పుడే పండగ. బయట వాన. వాన లేని రోజు గోపాలపురం వైపు నుంచి సముద్రపు గాలి. నలభై గ్రాముల విమానం ఆ గాలిలో నిమిషం నిలవదు. అందుకని ఆదివారం పొద్దున్నే మండపంలో కుర్చీలు గోడకు చేర్చి లోపలే ఎగరేస్తాం, పందేలూ పెట్టుకుంటాం. చూడ్డానికి వచ్చిన ఒడియా పిల్లలు "ఉడిలా, ఉడిలా" అని గెంతుతుంటారు. వెనక నిలబడ్డ పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నలు మాత్రం ఏళ్ళ తరబడి అవే.

అపోహ: ఇది పిల్లల బొమ్మ. బయట ఎగరేసే విమానాన్నే చిన్నది చేస్తే చాలు.

చిన్నది చేస్తే చాలదు, తేలిక చెయ్యాలి. సెకనుకు 3 మీటర్ల వేగంతో పోయే విమానాన్ని 30 డిగ్రీలు వాల్చి తిప్పితే, గుండ్రంగా తిరగడానికి సుమారు 3.2 మీటర్ల వెడల్పు సరిపోతుంది. రెక్క అదే ఉంచి బరువు రెట్టింపు చెయ్యండి. గాలిలో నిలవాలంటే వేగం 1.4 రెట్లు కావాలి, మలుపు వెడల్పేమో పూర్తిగా రెట్టింపై 6.4 మీటర్లకు పోతుంది. బ్యాడ్మింటన్ కోర్టు వెడల్పే 6.1 మీటర్లు. అంటే బరువెక్కిన విమానం ఆ కోర్టులో ఒక చుట్టు కూడా తిరగలేదు.

అందుకే నేను బంగారం తూచేలాంటి చిన్న కాటా మీద సర్వో (రెక్కల, తోక పలకలను కదిపే బుల్లి మోటారు), తీగలు, బ్యాటరీ, చివరికి ప్రొపెల్లర్ కూడా తూస్తాను. సర్వో వైరు అవసరానికి మించి పొడవుంటే కత్తిరించి మళ్ళీ టంకం పెడతాను. పెయింటు వెయ్యను, స్కెచ్ పెన్ను గీతలు చాలు. రబ్బరు మెలితిప్పి ఎగరేసే ఎఫ్1డీ తరగతి విమానాలు రెండు గ్రాములైనా తూగవు, అయినా పెద్ద హాళ్ళలో ఇరవై నిమిషాలు దాటి గాలిలో ఉంటాయి. రేడియోతో హాల్లో విన్యాసాలు చేయించడానికి ఎఫ్3పీ అని అంతర్జాతీయ పోటీ తరగతే ఉంది. ఇంత పనితనం ఉన్నదాన్ని బొమ్మ అంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

అపోహ: లోపల గాలి ఉండదు.

ఉంటుంది. రేకుల కప్పు వేడెక్కిందంటే కింద గాలి కదలడం మొదలవుతుంది. సీలింగ్ ఫ్యాను స్విచ్ కట్టేశాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఎగరేసే ముందు నేను అగరుబత్తి వెలిగించి హాలు నాలుగు మూలలా నడుస్తాను. పొగ జానెడు ఎత్తు నిటారుగా లేస్తే సరే. పక్కకు వంగిందంటే ఎక్కడో తలుపో కిటికీయో తెరిచి ఉందని అర్థం. ఒకసారి ఒక మండపంలో పనివాళ్ళు, మాకు ఉక్కపోస్తోందని జాలిపడి వెనక వరస ఫ్యాన్లు వేశారు. నా విమానం వరదలో ఆకులా కొట్టుకుపోయి స్టేజి తెర మడతల్లో దూరింది, ముక్కు విరిగింది. అప్పటి నుంచి స్విచ్‌బోర్డు దగ్గర ఒక మనిషిని నిలబెడుతున్నాం.

అపోహ: పందెంలో మోటారు పెద్దదైతే గెలుపు ఖాయం.

"మావయ్యా, మోటారు మారిస్తే గెలుస్తానా?" అని ఒక గుంటడు అడిగాడు. సుద్దముక్క తీసి నేల మీద గీసి చూపించాను. మా పందెమంటే రెండు కంబాల చుట్టూ తిరగడం, వాటి మధ్య దూరం 15 మీటర్లు. పది చుట్లంటే ఇరవై మలుపులు. కంబానికి 2 మీటర్ల దూరంలో తిరిగితే ఒక్కో మలుపు 6.28 మీటర్లు. 3 మీటర్ల దూరంలో తిరిగితే 9.42. ఇరవై మలుపులకు దాదాపు 63 మీటర్ల దారి దండగ. ఒక చుట్టు మొత్తం 43 మీటర్లు కూడా లేదు, అంటే 3 మీటర్ల దూరంలో తిరిగినవాడు అవతలివాడికంటే చుట్టున్నర ఎక్కువ ఎగిరాడన్నమాట! పెద్ద మోటారుకు పెద్ద బ్యాటరీ కావాలి, బరువు పెరుగుతుంది, మలుపు ఇంకా వెడల్పవుతుంది. మా పందేల్లో అందరికీ ఒకే మోటారు, ఒకే బ్యాటరీ. ఆ గుంటడు ఇప్పుడు మలుపుకు ముందే థ్రాటిల్ (మోటారు జోరు) కాస్త తగ్గిస్తున్నాడు, ఎత్తు పోనివ్వకుండా తిప్పి, బయటికొచ్చాక పెంచుతున్నాడు. వాడి మలుపు చూస్తే ముచ్చటేస్తుంది.

అపోహ: నలుగురు ఒకేసారి ఎగరేస్తే సిగ్నళ్ళు కలిసిపోతాయి. ఛానెల్‌కో క్రిస్టల్ ముక్క పెట్టే పాత రేడియో సెట్లలో నిజమే, ఒకే ఛానెల్లో ఇద్దరు ఆన్ చేస్తే విమానం కూలేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో విమానంలోని రిసీవర్ తనతో బైండ్ చేసిన, అంటే ముందే జత కలిపిన, చేతిలోని ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది.

అపోహ: దీనికీ పైలట్ లైసెన్సు కావాలి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపువాటికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ ఆరుబయటికి తీసుకెళ్తే మాత్రం రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ మన పక్కనే ఉందని మరవకండి. ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూశాకే ఎగరెయ్యండి.

అపోహ: బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఛార్జి చేసి ఉంచాలి.

దయచేసి అలా చెయ్యకండి. మేం వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, వాడేటప్పుడు 3 కిందకు దిగనివ్వకూడదు, దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. మే నెలలో నిండా ఛార్జి చేసినదాన్ని స్కూటర్ డిక్కీలో మరిచిపోయాను. సాయంత్రానికి పూరీలా ఉబ్బింది. ఉబ్బినదాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్ళీ ఛార్జి పెట్టకూడదు. 150 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) నిల్వ ఉన్న బుల్లి బ్యాటరీకి 0.15 ఆంపియర్లు చాలు, గంటలో నిండుతుంది. ఛార్జింగు దగ్గర ఇసుక బకెట్, ఒక పెద్ద మనిషి, రెండూ ఉండాలి.

అపోహ: వీడియో గేమ్ వస్తే ఇదీ వచ్చేస్తుంది.

విమానం మీకు ఎదురుగా వస్తున్నప్పుడు ఎడమ కుడి తారుమారవుతాయి. కొత్తవాళ్ళు గోడను కొట్టేది ఎక్కువగా అక్కడే. నేను నేర్పేది ఒక్కటే: ఎదురొచ్చేటప్పుడు ఏ రెక్క కిందికి వాలితే ఆ వైపుకే స్టిక్ తొయ్యి. ఆలోచించకుండా చెయ్యి అటు పోయేదాకా చేయించాలి.

అపోహ: విరిగితే పారెయ్యడమే.

మామూలు సూపర్ గ్లూ చుక్క పడితే థర్మాకోల్ కరిగి కన్నం పడుతుంది, అది చూసి చాలామంది ఆశ వదులుకుంటారు. ఫోమ్‌కు పనికొచ్చే జిగురు వేరే దొరుకుతుంది. అదీ లేకపోతే, తెల్ల జిగురు పల్చగా రాసి రాత్రంతా ఆరనిస్తే చాలు. తెర మడతల్లో ముక్కు విరిగిన నా విమానాన్ని అలాగే అతికాను. అతుకుతో ముక్కు కొంచెం బరువెక్కింది, బ్యాటరీని గోరంత వెనక్కి జరిపి బ్యాలెన్స్ సరిచేశాను. పోయిన ఆదివారం పందెంలో దాన్నే ఎగరేశాను.