అపోహలు – వాస్తవాలు: ఇంట్లో వైఫై పదే పదే తెగిపోతుంటే

ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు బిగించే పనిలో, చెడిపోయినవాటిని బాగుచేసే పనిలో పద్నాలుగేళ్లుగా విజయవాడలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ తిరుగుతున్నాను. ఫిర్యాదుతో వచ్చే ఫోన్లలో దాదాపు ప్రతిదీ “వైఫై రావడం లేదు” అన్న ఒక్క మాటతోనే మొదలవుతుంది. ఆ ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు జబ్బులు దాగి ఉండవచ్చు. వీధి స్తంభం నుంచి ఇంటికి వచ్చే ఫైబర్ దెబ్బతిని ఉండవచ్చు, గోడకు బిగించిన రౌటర్ పెట్టె మొరాయిస్తూ ఉండవచ్చు, లేదా ఆ పెట్టెకూ మీ ఫోనుకూ మధ్య గాలిలో సాగే రేడియో తరంగం బలహీనపడి ఉండవచ్చు. వీటిలో ఏది అసలు కారణమో తేల్చుకోకుండానే కొత్త రౌటర్ కొనడం, ప్లాన్ పెంచడం, చివరికి కంపెనీనే మార్చడం నేను తరచుగా చూస్తున్నాను. ఆ ఖర్చులో చాలా భాగం అనవసరమైనది కాబట్టి, ఇళ్లలో నాకు ఎక్కువగా వినిపించే నమ్మకాలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

అపోహ: ఫోనులో వైఫై గుర్తు నిండుగా ఉంటే ఇంటర్నెట్ బాగున్నట్టే.

వాస్తవం: ఆ గీతలు మీ రౌటర్ నుంచి మీ ఫోనుకు చేరే రేడియో సంకేతం ఎంత బలంగా ఉందో మాత్రమే చెబుతాయి. రౌటర్‌కు అవతల, వీధిలో ఫైబర్ పూర్తిగా తెగిపోయి ఉన్నా గీతలు నిండుగానే కనిపిస్తాయి. కాబట్టి వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు అన్న విషయాన్ని ముందుగా మనసులో పెట్టుకోవాలి.

రెండింటిలో ఏది తెగుతోందో కనిపెట్టడానికి నేను ప్రతి ఇంట్లోనూ చేసే పరీక్ష ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ కిటికీలు (ఆదేశాలు టైపు చేసే తెరలు) తెరిచి, ఒకదానిలో రౌటర్ చిరునామాకు (చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1), రెండోదానిలో 8.8.8.8 వంటి బయటి చిరునామాకు ఆగకుండా పింగ్ నడిపిస్తాను. పింగ్ అంటే చిన్న సందేశం పంపి, అది తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూడడమే. ఫోనులోనైతే ఇదే పని చేసే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. కనెక్షన్ తెగిన క్షణంలో రెండు కిటికీలూ చూడండి. రౌటర్ నుంచి జవాబు ఎప్పటిలాగే కొద్ది మిల్లీసెకన్లలో వస్తూ, బయటి జవాబు మాత్రం ఆగిపోతే లోపం ఫైబర్‌లోనో ఆపరేటర్ వైపో ఉంది, మీ వైఫైది ఏ తప్పూ లేదు. రౌటర్ నుంచి వచ్చే జవాబే వందల మిల్లీసెకన్లకు పాకుతూ, మధ్యమధ్యలో అసలు రాకుండా పోతుంటే లోపం మీ ఇంటి గాలిలోనో ఆ పెట్టెలోనో ఉంది, ఆపరేటర్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ప్రయోజనం ఉండదు. ఆ రెండింటిలో ఏదో తేలాలంటే అదే ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో నేరుగా రౌటర్‌కు కలిపి చూడాలి. వైరు మీద నిలకడగా ఉంటే గాలిదే దోషం, వైరు మీద కూడా తెగుతుంటే పెట్టెను అనుమానించాలి. అరగంట పట్టే ఈ పరీక్ష చేయకుండా ఏ వస్తువూ కొనవద్దని నేను అందరినీ కోరతాను.

అపోహ: నెట్ ఆగిపోతోందంటే ప్లాన్ స్పీడ్ చాలడం లేదని అర్థం.

వాస్తవం: ఫుల్ హెచ్‌డీ సినిమా ఒకటి చూడడానికి సుమారు 5 మెగాబిట్ల వేగం చాలు, వీడియో కాల్‌కు అంతకన్నా తక్కువే సరిపోతుంది. 50 మెగాబిట్ల కనెక్షన్ ఉన్న నలుగురి కుటుంబంలో నెట్ ఆగిపోతుంటే, 200కు మారినా అది ఆగడం మానదు. వేగం వేరు, నిలకడ వేరు.

ఇక్కడ ఎవరూ పట్టించుకోని విషయం అప్‌లోడ్. ఒక ఇంట్లో ఇంటి నుంచి ఉద్యోగం చేసే అమ్మాయికి సాయంత్రం పూట మీటింగుల్లో గొంతు ముక్కలుముక్కలుగా వినిపించేది. స్పీడ్ టెస్టు చేస్తే డౌన్‌లోడ్ అంకె ఎప్పుడూ బాగానే వచ్చేది. వెతికితే తేలిందేమంటే, ఆ వేళకే ఇంటికి చేరే ఇద్దరి ఫోన్లు పగలంతా తీసిన ఫోటోలను, వీడియోలను క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టేవి, వాటికి తోడు నాలుగు సీసీ కెమెరాలు రోజంతా దృశ్యాలను బయటికి పంపుతూనే ఉండేవి. బయటికి వెళ్లే దారి నిండిపోయినప్పుడు రౌటర్ ఆ సమాచారాన్ని వరుసలో నిలబెడుతుంది, మీటింగులోని మాట కూడా ఆ వరుస చివరే నిలబడాలి. ఫోటోల బ్యాకప్‌ను అర్ధరాత్రికి మార్చి, కెమెరాల చిత్ర నాణ్యతను ఒక మెట్టు తగ్గించిన తరువాత ఆ ప్లాన్‌తోనే సమస్య తీరింది.

ప్లాన్ 300 మెగాబిట్లదైనా స్పీడ్ టెస్టు ఎప్పుడూ 94 దగ్గరే ఆగిపోతుంటే మాత్రం వైరును చూడండి. గిగాబిట్ వేగానికి ల్యాన్ కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి. ఒక్క తీగ సరిగా అంటకపోయినా పరికరాలు రెండు జతలతో నడిచే 100 మెగాబిట్ల వేగానికి దిగిపోతాయి, ఎక్కడా లోపం కనిపించదు. కొన్ని రౌటర్ల పోర్టులే 100 మెగాబిట్లవి, అలాంటప్పుడు కనెక్టరు మార్చినా లాభం లేదు.

అపోహ: 5 గిగాహెర్ట్జ్ కొత్తది కాబట్టి ఎప్పుడూ దానికే కలపాలి, 2.4 పనికిరానిది.

వాస్తవం: ఇవి వైఫై వాడే రెండు రేడియో పట్టీలు, రెండూ రెండు రకాల పనివాళ్లు. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, రద్దీ తక్కువ, కానీ గోడలు దాటే కొద్దీ అది త్వరగా నీరసిస్తుంది. 2.4 మరింత దూరం వెళ్తుంది, కానీ అపార్ట్‌మెంట్లలో దాని మీద విపరీతమైన రద్దీ ఉంటుంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌లో 1 నుంచి 13 వరకు ఛానెళ్లు (పట్టీలోని చిన్న భాగాలు) వాడుకోవచ్చు, అయితే ఒకదాని మీదికి ఒకటి రాకుండా పక్కపక్కన ఇమిడేవి మూడే, అవి 1, 6, 11. ముప్ఫై ఫ్లాట్ల భవనంలో ముప్ఫై రౌటర్లు ఆ మూడింటినే పంచుకోవాలి. ఒక ఛానెల్ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు, మిగతావారు ఆగి వినాలి. అందువల్ల ఎవరి పరికరం చెడిపోకపోయినా రాత్రి తొమ్మిది గంటలకు అందరి నెట్టూ మందగిస్తుంది.

కొందరు రద్దీ తప్పించుకోవడానికి 3నో 4నో ఎంచుకుంటారు. అది అటు 1కీ ఇటు 6కీ రెండింటికీ అడ్డుపడుతుంది కాబట్టి పరిస్థితి ఇంకా చెడుతుంది. ఛానెల్ వెడల్పును కూడా 2.4లో 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచాలి, 40కి పెంచితే మీరు ఇరుగుపొరుగు వారిని ఇబ్బంది పెట్టి వారి ఇబ్బందిని మీరూ తెచ్చుకున్నట్టవుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ కూడా సుమారు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. వంటగదిలో పాలు వేడిచేసే రెండు నిమిషాలు మాత్రమే వైఫై పోతుంటే కారణం కోసం ఇంకెక్కడా వెతకనక్కరలేదు.

భారత ప్రభుత్వం 2018లో 5 గిగాహెర్ట్జ్‌లో మరిన్ని పౌనఃపున్యాలను లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతించింది కాబట్టి అక్కడ చోటు ఎక్కువ. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లను రాడార్లు కూడా వాడతాయి, కాబట్టి చాలా రౌటర్లు అక్కడ రాడార్ సంకేతం విన్నట్టు అనుమానం వస్తే వెంటనే ఆ ఛానెల్‌ను వదిలేసి, అలాంటి మరో ఛానెల్‌కు వెళ్లే ముందు ఒక నిమిషం పాటు మౌనంగా వింటాయి. ఉన్నట్టుండి 5 గిగాహెర్ట్జ్ పేరు మాయమై ఒక నిమిషం తరువాత మళ్లీ కనిపిస్తోందంటే, ఛానెల్‌ను 36కో 149కో స్థిరంగా పెట్టి చూడండి.

అపోహ: యాంటెన్నాలు ఎన్ని ఎక్కువ ఉంటే అంత దూరం వస్తుంది.

వాస్తవం: వైఫై రెండు వైపుల సంభాషణ. రౌటర్ ఎంత గట్టిగా మాట్లాడినా, జవాబివ్వాల్సిన మీ ఫోనుకు అంత గొంతు లేదు. యాంటెన్నాల సంఖ్య కంటే రౌటర్ పెట్టిన చోటే ఎక్కువ తేడా తెస్తుంది. మన ఇళ్లలో ఫైబర్ ఎక్కడ లోపలికి వస్తే అక్కడే, అంటే గుమ్మం పక్కనో టీవీ వెనుకనో పెట్టె బిగించేస్తారు. ఇనుప బీరువా, పెద్ద అద్దం, చువ్వలు వేసిన కాంక్రీటు గోడ, నీళ్ల ట్యాంకు, ఇవన్నీ తరంగాన్ని అడ్డుకునేవే. ఇంటి నడిమధ్యకు, తలకు పైన ఉండే ఎత్తుకు రౌటర్‌ను మార్చి, నేను వెంట తెచ్చిన వస్తువులేవీ అమ్మకుండానే తిరిగి వచ్చిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

అపోహ: సిగ్నల్ అందని గదిలో రిపీటర్ పెడితే సరిపోతుంది.

వాస్తవం: అందని చోట పెట్టిన రిపీటర్‌కు కూడా సిగ్నల్ అందదు. తనకు సరిగా వినిపించని మాటను అది ఇంకొకరికి ఎలా చెప్పగలదు? సిగ్నల్ ఇంకా బాగున్న చోట, సగం దారిలో దాన్ని పెట్టాలి. పైగా ఒకే రేడియోతో అటూ ఇటూ మాట్లాడే రిపీటర్ దగ్గర వేగం సుమారు సగానికి పడిపోతుంది. మేడ మీద గదికి నెట్ కావాలంటే నా సలహా ఎప్పుడూ ఒక్కటే, ల్యాన్ వైరు లాగి పైన మరొక యాక్సెస్ పాయింట్ (వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టె) పెట్టండి. స్లాబ్‌ను దాటించడానికి వైరుకు మించిన సాధనం నాకు ఇప్పటికీ కనబడలేదు.

ఆ రెండో పెట్టెగా పాత రౌటర్‌ను వాడుకోవచ్చు, కానీ దాన్ని అలాగే తగిలించకూడదు. ఒక ఇంట్లో వారం రోజులుగా కొన్ని ఫోన్లకు నెట్ వచ్చేది, కొన్నింటికి వచ్చేది కాదు, మర్నాటికి అవి తారుమారయ్యేవి. ఇంటి పెద్దాయన పాత రౌటర్‌ను తెచ్చి పై అంతస్తులో ల్యాన్ పోర్టు నుంచి ల్యాన్ పోర్టుకు కలిపారు. రెండు రౌటర్ల చిరునామా 192.168.1.1 కావడమే కాక, పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ రెండింటిలోనూ నడుస్తోంది. పాత రౌటర్ చేత చిరునామా పొందిన ప్రతి ఫోనూ బయటికి దారి లేని గుమ్మం దగ్గర నిలబడిపోయింది. పాతదానిలో డీహెచ్‌సీపీ ఆపేసి, చిరునామాను 192.168.1.2కు మార్చగానే పది నిమిషాల్లో అంతా సర్దుకుంది.

అపోహ: పక్కింటివాళ్లు మన వైఫై వాడుకోవడం వల్లే నెమ్మదించింది.

వాస్తవం: అది చాలా అరుదు. అనుమానం ఉంటే పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ టైపు చేయకుండా బటన్‌తో కలిపే సదుపాయం) ఆపేయండి. ఆ తరువాత కూడా నెమ్మదిగానే ఉంటే పొరుగువారి మీద నింద తీసేయండి.

అపోహ: రౌటర్‌ను ఆపి మళ్లీ వేస్తే బాగవుతోంది కదా, అదే మందు.

వాస్తవం: ఆపి వేసినప్పుడు పెట్టె జ్ఞాపకం ఖాళీ అవుతుంది, కొత్త ఛానెల్ వెతుక్కుంటుంది, కాస్త చల్లబడుతుంది కూడా. కాబట్టి ఉపశమనం నిజమే, కానీ రోజూ అదే చేయాల్సి వస్తోందంటే కారణం అలాగే ఉందని అర్థం. నేను మొదట అనుమానించేది అడాప్టర్‌నే. 12 వోల్టులు ఇవ్వాల్సిన అడాప్టర్ ముసలిదై బలం తగ్గితే, లైట్లు వెలుగుతూనే ఉంటాయి గానీ భారం పెరిగినప్పుడల్లా రౌటర్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. రౌటర్ కొనేముందు అదే వోల్టేజీ, అంతే లేదా అంతకు మించిన ఆంపియర్లు ఉన్న అడాప్టర్ మార్చి చూడడం చవకైన ప్రయోగం.

రెండో కారణం వేడి. ఇళ్లలో వాడే రౌటర్లలో చాలావాటిని 40 డిగ్రీల వరకు ఉండే గది ఉష్ణోగ్రతకే తయారుచేస్తారు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయట ఎంత ఉంటుందో మనకు తెలుసు. అలాంటప్పుడు తలుపులు మూసిన టీవీ షెల్ఫ్‌లో, సెట్‌టాప్ బాక్స్ మీద, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచిన రౌటర్ పరిస్థితి ఊహించండి. మధ్యాహ్నాలు మాత్రమే తెగి, రాత్రిళ్లు బాగుంటే ముందు ఆ గుడ్డ తీసేయండి.

అపోహ: వాన పడితే నెట్ పోవడం సహజం.

వాస్తవం: ఫైబర్‌లో ప్రయాణించేది వెలుగు, గాజు తీగ లోపల నడిచే ఆ వెలుగును వాన తాకలేదు. వాన పడినప్పుడల్లా పోతోందంటే స్తంభం మీది జాయింట్ బాక్స్‌లోకి నీరు చేరుతోందనో, గాలికి ఊగే డ్రాప్ వైరు (స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగ) ఎక్కడో ఒరుసుకుంటోందనో, వీధిలో కరెంటు పోయి ఆపరేటర్ పరికరం ఆగిపోతోందనో అర్థం చేసుకోవాలి. ఇవన్నీ బాగుచేయదగినవే, సహజమని ఊరుకోవలసినవి కావు. ఇంటి లోపల కూడా బీరువా వెనుక నొక్కుకుపోయిన ఫైబర్, మేకు చుట్టూ మడిచిన ఫైబర్ వెలుగును కోల్పోతుంది. తీగ తెగనక్కరలేదు, గట్టిగా వంగితే చాలు.

పెట్టె మీద ఎల్‌ఓఎస్ అన్న లైటు ఎర్రగా వెలిగినా, మిణుకుమిణుకుమన్నా వెలుగు అందడం లేదని అర్థం, అప్పుడు రౌటర్ సెట్టింగులు ముట్టుకోవద్దు. చాలా పెట్టెల సెట్టింగుల పేజీలో అందుతున్న వెలుగు బలం డీబీఎంలలో (బలాన్ని కొలిచే ప్రమాణం, మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ బలం తక్కువ) కనిపిస్తుంది. మన ఇళ్లలో సాధారణంగా వాడే జీపాన్ (ఒకే ఫైబర్‌ను పలు ఇళ్లకు పంచే పద్ధతి) పెట్టెలకు మైనస్ 8 నుంచి మైనస్ 27 వరకు పనిచేసే హద్దు. మైనస్ 20 దగ్గర ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, మైనస్ 26 చూపిస్తుంటే ఈరోజు పనిచేస్తున్నా రేపటి గాలివానకు తెగే కనెక్షన్ అది. ఆ పచ్చ కనెక్టరును మీరే ఊడదీసి కొనను కంటితో చూడకండి, అందులోని వెలుగు కంటికి కనిపించదు గానీ కంటికి మంచిది కాదు.

ఫిర్యాదు చేసేటప్పుడు “వైఫై రావడం లేదు” అనే బదులు ఏ సమయాల్లో తెగింది, అప్పుడు ఎల్‌ఓఎస్ లైటు ఏ రంగులో ఉంది, రౌటర్‌కు పింగ్ వస్తూ బయటికి ఆగిందా లేక రెండూ ఆగాయా, వెలుగు బలం ఎంత అన్న నాలుగు సంగతులు ఒక కాగితం మీద రాసి చెప్పండి. అది విన్న టెక్నీషియన్ నిచ్చెన తెచ్చుకోవాలో, అడాప్టర్ తెచ్చుకోవాలో బయలుదేరకముందే తెలుసుకుంటాడు.