టీచర్ని తీసేశారు, మరి పిల్ల ఎందుకు తినడం లేదు?

పోయిన నెల ఓపీలో ఒకావిడ కుర్చీలో కూర్చోకుండానే ఫోను నా ముందు పెట్టి, "మేడం, ఈ సినిమా చూశారా? మా అమ్మాయి విషయంలో అచ్చం ఇదే జరిగింది" అన్నారు. సినిమా పేరు ‘క్లబ్ జీరో’. ఈ ఏడాదిలో ఆ పేరు నా గదిలో వినబడటం ఇది నాలుగోసారో ఐదోసారో.

చూశాను. ఆస్ట్రియా దర్శకురాలు జెస్సికా హౌస్నర్ తీసింది, 2023లో కేన్స్ పోటీ విభాగంలో వేశారు. డబ్బున్నవాళ్ల పిల్లలు చదివే బోర్డింగ్ స్కూలుకి మిస్ నోవాక్ అనే టీచరు వస్తుంది. ఆ వేషం మియా వసికోవ్‌స్కా వేసింది. గొంతు పెంచదు, కసురుకోదు, ప్రతి పిల్లా చెప్పేది శ్రద్ధగా వింటుంది. ముందు ‘ధ్యాస పెట్టి తినండి’ అంటుంది. తర్వాత తక్కువ తినండి అంటుంది. చివరికి అసలు తినక్కర్లేదంటుంది. పిల్లలు ఒక్కొక్కరే వెనకాల నడుస్తారు. వ్యంగ్యంగా తీసిన సినిమా కాబట్టి నవ్వొస్తుంది, నవ్వినందుకు సిగ్గూ వేస్తుంది. ఇంట్లో ఇలాంటి సమస్య ఉన్న పిల్లలుంటే మాత్రం వాళ్లతో కలిసి చూడొద్దు. వాంతికి సంబంధించిన ఒక సీను ఉంది, నాకే కడుపులో తిప్పింది.

నేను డైటీషియన్ని. పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. సగం కాలం ఒక సైకియాట్రిస్టు, ఒక పిల్లల డాక్టరుతో కలిసి తిండి మానేసిన పిల్లల్నే చూస్తున్నాను. ఈ సినిమా చూసి వచ్చేవాళ్లు, చూడకుండా అదే మాట అనేవాళ్లు, అందరూ ఒకే తప్పు దగ్గర ఇరుక్కుపోతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: దీనికంతా కారణం ఆ టీచరే. వాళ్లని పక్కకు తప్పిస్తే పిల్ల మళ్లీ తింటుంది.

టీచరు స్థానంలో జిమ్ కోచ్ ఉండొచ్చు, యూట్యూబ్ గురువు ఉండొచ్చు, హాస్టల్ రూమ్మేట్ ఉండొచ్చు. మాట మాత్రం ఇదే. ఈ మాట నమ్మి పోగొట్టుకున్న నెలలు లెక్కపెడితే నాకు ఏడుపొస్తుంది.

ఒక ఇంటి సంగతి చెప్తాను, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాను. ఇంటర్ బైపీసీ చదివే అమ్మాయి, రెసిడెన్షియల్ కాలేజీ. అక్కడి లెక్చరర్ ఒకాయనంటే పిల్లలకు ప్రాణం. పాఠం బాగా చెప్తాడు, పేరు పెట్టి పిలుస్తాడు, ర్యాంకు రానివాళ్లని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ఆయన ఒకరోజు క్లాసులో, రాత్రి అన్నం మానేస్తే నిద్ర రాదు, రెండు గంటలు ఎక్కువ చదవొచ్చు, నేనలాగే చదివాను అన్నాడట. నలభైమంది విన్నారు. పది పదిహేనుమంది వారంపాటు మానేసి, ఆకలికి తట్టుకోలేక మళ్లీ మెస్సుకెళ్లారు. ఈ అమ్మాయి మాత్రం వెళ్లలేదు.

దసరా సెలవులకు ఇంటికొచ్చేసరికి అరచేతిలో పట్టేంత అన్నం తింటోంది. తండ్రికి విషయం తెలిసింది. ఆయన కోపం న్యాయమైనదే. ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లాడు, తోటి తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించాడు, బంధువుల్లో ఒక లాయరుతో నోటీసు రాయించాడు. రెండు నెలలు పట్టింది. లెక్చరర్ని పంపించేశారు. అమ్మాయిని వేరే కాలేజీలో డేస్కాలర్‌గా చేర్చారు. ఆ రెండు నెలల్లో ఆమె తూకం ఎవరూ చూడలేదు, నాడి ఎవరూ పట్టుకోలేదు. నా దగ్గరికొచ్చేటప్పటికి మేలుకుని కూర్చున్నప్పుడే నాడి నిమిషానికి 44. వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి. చేతులమీద సన్నని నూగు వచ్చింది. తండ్రి నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "ఆయన వెళ్లిపోయాడు కదా మేడం, ఇంకా ఎందుకు తినట్లేదు?"

వాస్తవం: మొదలుపెట్టింది ఎవరైనా కావచ్చు. కొన్ని వారాలు గడిచాక దాన్ని నడిపించేది ఆకలే.

సినిమాలో కూడా ఇదే ఉంది, చూసినవాళ్లు గమనించరు. మిస్ నోవాక్‌ని స్కూలు మధ్యలోనే తీసేస్తుంది. పిల్లలు మాత్రం పళ్లెం ముందుకు రారు. నా దృష్టిలో సినిమా మొత్తంలో వైద్యపరంగా నిజమైన ముక్క అదే.

ఎందుకలా అంటే, 1944 చివర్లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధం వల్ల ఆకలితో అలమటిస్తున్న యూరప్ జనానికి మళ్లీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడం ఆయన ఉద్దేశం. 36 మంది కుర్రవాళ్లు స్వచ్ఛందంగా వచ్చారు. వాళ్లు యుద్ధంలో ఆయుధం పట్టబోమని చెప్పినవాళ్లు. ఒంట్లోనూ మనసులోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే ఏరి తీసుకున్నారు. 24 వారాలపాటు రోజుకు సుమారు 1570 క్యాలరీలు ఇచ్చారు. (ఇన్‌స్టాలో తిరిగే డైట్ చార్టుల్లో 1200 కూడా చూస్తున్నాను.) ఒంటి బరువులో నాలుగో వంతు దాకా పోయింది.

మనకు కావలసింది బరువు సంగతి కాదు, వాళ్ల మనసుకు ఏమైందన్నది. వంటల పుస్తకాలు పోగేసుకుని చదివారు. కాస్త తిండిని గంటలకొద్దీ సాగదీశారు. పళ్లేలు నాకారు. ఎండాకాలంలో చలి అన్నారు. స్నేహితులమీద విసుక్కున్నారు, నవ్వడం మానేశారు, చదువుమీద ఆసక్తి పోయింది. అక్కడ ఏ మాటకారి టీచరూ లేడు. సన్నబడాలన్న కోరికా లేదు. తిండి తగ్గించడమొక్కటే జరిగింది.

ఇప్పుడు మీ ఇంట్లో సంగతి చూడండి. "మేడం, తను తినదు కానీ రోజంతా వంటల వీడియోలే చూస్తుంది, తమ్ముడికి కేకులు చేసి పెడుతుంది, ఇదేం నాటకం?" అని అడుగుతారు. నాటకం కాదండీ. ఆకలితో ఉన్న మెదడు తిండి చుట్టూనే తిరుగుతుంది. కొందరి మెదడులో అదే సమయంలో ‘తింటే తప్పు చేసినట్టు’ అన్న భయం కూడా గట్టిపడుతుంది. బరువు తగ్గేకొద్దీ ఆలోచన బిగుసుకుపోతుంది, బిగుసుకునేకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఆ చక్రం ఒకసారి తిరగడం మొదలయ్యాక, మొదట తోసినవాణ్ని ఊరు దాటించినా అది ఆగదు. నలభైమందిలో ఈ అమ్మాయొక్కతే ఎందుకు చిక్కుకుందంటే పుట్టుకతో వచ్చే స్వభావం, వంశంలో ఉన్న ఆందోళన, అన్నీ నూటికి నూరు రావాలన్న పట్టుదల, అప్పటికే ఉన్న టెన్షన్, ఇలా చాలా కలుస్తాయి. ఆ లెక్చరర్ మాట అగ్గిపుల్ల లాంటిది. మిగతావాళ్ల దగ్గర అది ఆరిపోయింది.

అంటే టీచరుని వదిలేయమంటారా అని మీరడుగుతారు. లేదు. ఫిర్యాదు చేయండి, మిగతా పిల్లలకోసం చేయాలి కూడా. అయితే అది రెండో పని. మొదటి పని ఆ వారంలోనే పిల్లని డాక్టరుకి చూపించడం: నాడి, పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డప్పుడూ బీపీ, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం, షుగరు. మెలకువగా ఉన్నప్పుడు నాడి 50 కంటే తక్కువున్నా, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోతున్నా, నీళ్లు కూడా మానేసినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

అపోహ: ఒప్పుకుంది కదా, ఇక పొట్టనిండా తినిపించేద్దాం.

ఇక్కడ తప్పు నాది కూడా, ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక తల్లి ఫోన్ చేసింది. రెండు వారాలుగా మజ్జిగ నీళ్లమీదున్న కొడుకు అన్నం అడిగాడట. నేను సంబరపడిపోయి "తిననివ్వండమ్మా, సోమవారం తీసుకురండి" అన్నాను. నాయనమ్మ ముద్దపప్పు, నెయ్యి, సున్నుండలు, పాయసం, అన్నీ ప్రేమగా పెట్టింది. మూడో రోజుకి కాళ్లు వాచాయి, ఆయాసం వచ్చింది, ఐసీయూలో చేరాడు. బతికాడు. ఆ ఫోన్ సంభాషణ మాత్రం నన్ను వదల్లేదు.

దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. చాలా రోజులు పస్తున్న ఒంట్లోకి పిండిపదార్థం ఒక్కసారిగా రాగానే ఇన్సులిన్ పెరుగుతుంది. రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పొచ్చు, ఊపిరి కండరాలు చేతులెత్తేయొచ్చు. ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తిననివాళ్లకు ఇంట్లో విందు పెట్టకండి. ఆసుపత్రిలో ముందు థయామిన్ (విటమిన్ బి1) ఇచ్చి, తక్కువతో మొదలుపెట్టి, రోజూ రక్తపరీక్ష చూసుకుంటూ పెంచుతాం. అలాగని భయపడి మరీ గోరంత పెట్టడం కూడా తప్పే. ఎంత పెట్టాలో డాక్టరు, డైటీషియన్ కలిసి లెక్క వేయాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: మనిషి బొద్దుగానే ఉంది, ఏమీ కాదు. 80 కేజీల పిల్ల నాలుగు నెలల్లో 62కి వస్తే చుట్టాలు మెచ్చుకుంటారు, నేను ఈసీజీ తీయిస్తాను. ఎంత బరువుందన్నది ఒక్కటే కాదు, ఎంత వేగంగా పోయిందన్నది కూడా చూడాలి. వాంతి చేసుకునే పిల్లలైతే బరువు మామూలుగానే ఉంటుంది, పొటాషియం మాత్రం పడిపోయి ఉంటుంది. అన్నం తినగానే బాత్‌రూమ్‌కి పరిగెత్తడం, వేలి కణుపులమీద గాట్లు, చెవుల కింద బుగ్గలు ఉబ్బడం చూసుకోండి.

అపోహ: ఇది డబ్బున్న ఆడపిల్లల జబ్బు. సినిమాలో చివరిదాకా ఎదురు నిలిచి, స్కాలర్‌షిప్ కోసం లొంగిపోయేవాడు ఓ మామూలు ఇంటి అబ్బాయి. నా దగ్గరికి ఆటో డ్రైవర్ కొడుకు వచ్చాడు, కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారవుతున్న కుర్రాడు వచ్చాడు. మగపిల్లలు ఆలస్యంగా వస్తారు, అంతే తేడా.

అపోహ: అసలు తినకుండా బతికేవాళ్లు ఉన్నారు. లేరు. గాలితో, వెలుగుతో బతుకుతానని ప్రచారం చేసుకున్న ఒకావిడని 1999లో ఆస్ట్రేలియా టీవీవాళ్లు పరీక్షకు పెడితే నాలుగు రోజులకే డాక్టరు ఆపించాడు. ఇంకేం చెప్పను.

అపోహ: నోబెల్ వచ్చింది కదా, ఉపవాసం ఎంత చేస్తే అంత మంచిది. 2016లో జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి నోబెల్ వచ్చింది ఆటోఫజీ మీద, అంటే కణం తనలోని పాత భాగాల్ని తానే కరిగించుకుని వాడుకోవడం మీద, ఆయన పని చేసింది ఈస్ట్ కణాలమీద. మీ పదహారేళ్ల అమ్మాయికి ఆయన డైట్ ప్లాన్ రాసివ్వలేదు.

అపోహ: అయితే ఒక్కపొద్దులు కూడా జబ్బేనా? కాదు. మా అమ్మ నలభై ఏళ్లుగా శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. ఆదివారం పొద్దున అందరికంటే ముందు ఇడ్లీ తినేది ఆవిడే. ఒక్కపొద్దుకి ముగింపు ఉంటుంది. ముగియని ఉపవాసం, వారానికోటి పెరిగే ఉపవాసం, వద్దంటే వణికిపోయే ఉపవాసం వేరే సంగతి. ఇన్సులిన్ వేసుకునే పిల్లలకైతే ఏ ఉపవాసమైనా డాక్టర్ని అడగకుండా వద్దు. బరువు తగ్గడానికి ఇన్సులిన్ మానేసే పిల్లలు కూడా ఉంటారు, వాళ్లు గంటల్లోనే ప్రాణంమీదికి తెచ్చుకోగలరు.

సినిమాతో నాకొక పేచీ ఉంది. అందులో తల్లిదండ్రులు దాదాపు అందరూ బొమ్మల్లా ఉంటారు, పట్టించుకోని డబ్బున్నవాళ్లు. వ్యంగ్యానికి అది సరిపోవచ్చు. అది చూసి ఇంటికెళ్లి, తప్పంతా మాదే అని రాత్రంతా ఏడ్చిన తల్లులు నా దగ్గరికొచ్చారు. అమ్మా, మీరు కారణం కాదు. పైగా టీనేజీ పిల్లలకు అనొరెక్సియాలో, అంటే బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేసే ఈ జబ్బులో, బాగా పనిచేస్తున్న వైద్యం, 1980ల్లో లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్నది, నడిచేదే తల్లిదండ్రుల చేతులమీదుగా. ఒంటికి ముప్పు తప్పాక, కొన్నాళ్లపాటు ఏం తినాలి, ఎంత తినాలి అన్నది పిల్ల నిర్ణయించదు, మీరు నిర్ణయిస్తారు. వాదించరు, బతిమాలరు, దెప్పరు. పళ్లెం పెట్టి పక్కన కూర్చుంటారు. రోజుకు మూడు పూటల అన్నం, మధ్యలో రెండు మూడుసార్లు టిఫిన్. గంటసేపు పెరుగన్నం గిన్నె ముందు కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎవర్ని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

ఆ బైపీసీ అమ్మాయి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికెళ్లింది. రెండో విజిట్‌లో తండ్రి ఫైలు తెరిచి, లెక్చరర్ మీద పోలీసు కేసు పెట్టమంటారా అని నన్నడిగాడు. మీ ఇష్టం సార్, సాయంత్రం నాలుగింటి టిఫిన్ టైముకి మాత్రం ఇంట్లో ఉండండి అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత షాపు సాయంత్రాలు తమ్ముడికి అప్పజెప్పాడని వాళ్లావిడ చెప్పింది. నాలుగు నెలలు రోజూ నాలుగింటికి ఇద్దరూ పెసరట్టు తిన్నారట. మొదటి నెల ఒక అట్టుకి యాభై నిమిషాలు పట్టేది.