చూడి గొర్రె మేత, పుట్టబోయే పిల్ల బరువు: అపోహలు - వాస్తవాలు

దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట వైపు పశువైద్యుడిగా మందల వెంట తిరిగేటప్పుడు కొన్ని మాటలు తరచూ చెవిన పడతాయి. జనవరిలో చూలు కట్టిన గొర్రె జూన్‌లో ఈనుతుంది కాబట్టి, చివరి నెలన్నర సరిగ్గా బీళ్లు ఎండిపోయిన మే నెల చుట్టూ పడుతుంది. ఈ మాటలు నమ్మినందుకు అసలు నష్టం అప్పుడే జరుగుతుంది.

అపోహ: చూడిమీద బాగా మేపితే పిల్ల పెద్దదై ఈత కష్టమవుతుంది.

వాస్తవం: చూడి కాలం సుమారు 150 రోజులు, పిల్ల పుట్టుక బరువులో మూడింట రెండు వంతులకు పైగా చివరి ఆరు వారాల్లోనే వస్తుంది. కొవ్వు పట్టిన గొర్రె కడుపులో పెద్ద ఒంటి పిల్ల ఉంటే ఈత కష్టం కావడం నిజమే కానీ, మన మందల్లో నేను చూసిన ఇబ్బంది దాదాపు ఎప్పుడూ ఆకలి వల్ల వచ్చినదే. ఆకలితో ఉన్న తల్లికి పుట్టిన పిల్లకు ఒంట్లో వేడి పుట్టించే కొవ్వు తక్కువగా ఉంటుంది, లేచి పొదుగు వెతుక్కునే సత్తువ ఉండదు; తల్లికేమో ముర్రుపాలు ఆలస్యంగా, కొద్దిగా దిగుతాయి. గొర్రెల్లో రోగనిరోధక శక్తి మాయ (కడుపులో పిల్లకు తల్లి నుంచి పోషణ అందించే భాగం) గుండా పిల్లకు చేరదు, ముర్రుపాలతోనే చేరుతుంది కనుక, తల్లికి వేయించిన చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే జబ్బు) టీకా ఫలం కూడా పిల్లకు సరిగా అందదు.

అపోహ: కడుపు నిండుగా కనిపిస్తే గొర్రె బాగున్నట్టే.

వాస్తవం: కడుపును కాదు, నడుమును చూడాలి. చివరి పక్కటెముక వెనుక వెన్ను మీద అరచేయి ఆనించి నొక్కినప్పుడు ఎముకల మొనలు వేళ్లకు గుచ్చుకుంటే, ఆ గొర్రె తన ఒంటిని కరిగించి పిల్లను పెంచుతున్నట్టు. కవలలున్నప్పుడు గర్భసంచి పొట్టను నొక్కేయడం వల్ల గొర్రె చొప్ప ఎక్కువ తినలేకపోతుంది. అలాంటి గొర్రె మంద నుంచి విడిగా నిలబడి, చూపు ఆననట్టు గోడకు తల ఆనించి, నోటి నుంచి తియ్యటి వాసన వస్తుంటే, అది ఎండదెబ్బ అని వదిలేయకూడదు. చూడి గొర్రెలకు శక్తి చాలక వచ్చే జబ్బు అది, ఆలస్యమైతే తల్లీ పిల్లలూ దక్కరు.

అపోహ: మొదటి మూడు నెలలు ఎలా మేపినా ఒకటే.

వాస్తవం: మాయ పెరిగేది ముఖ్యంగా చూడి రెండో, మూడో నెలల్లోనే. ఇంకా ఎదుగుతున్న తొలిచూలు గొర్రెను ఈ దశలో అతిగా మేపినా మేత తల్లి ఎదుగుదలకే పోయి, మాయ చిన్నదై పిల్ల బరువు తగ్గుతుంది.

అపోహ: బక్కగా పుట్టినా తర్వాత మేపితే సరిపోతుంది.

వాస్తవం: కండరపు పోగుల సంఖ్య పుట్టుకకు ముందే దాదాపు ఖరారవుతుంది, తర్వాతి మేతతో ఆ పోగులు లావవుతాయే గానీ కొత్తవి పెద్దగా రావు.

అపోహ: దాణా మన తాహతుకు మించినది.

వాస్తవం: గొర్రెకు రోజుకు పావుకిలో చొప్పున, 20 గొర్రెలకు ఆరు వారాలకు అయ్యేది 210 కిలోలు. మక్క నూక, తవుడు, పల్లి చెక్క, కొద్దిగా ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం కలిపి, గుప్పెడుతో మొదలుపెట్టి వారంలో పావుకిలోకు పెంచాలి. అంత కూడా కుదరకపోతే, నడుము ఎముకలు గుచ్చుకునేవాటిని మాత్రం సాయంత్రం దొడ్లో విడిగా కట్టి వాటికే పెట్టండి.