గోరుకు అందని గట్టిదనం

మండపేట వైపు రైస్ మిల్లుల్లో కొత్త రబ్బరు రోలర్లు దించగానే మేస్త్రీ బొటనవేలి గోరు గుచ్చి చూస్తాడు. గుర్తు ఎంత లోతుగా పడింది, ఎంత త్వరగా మాసిపోయింది అన్నదే ఆయన లెక్క. ఆ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ పోయినసారి రోలర్‌కూ ఈసారి దానికీ గట్టిదనంలో నాలుగైదు పాయింట్ల తేడా ఉంటే గోరు పట్టుకోలేదు. వేర్వేరు వేగాలతో ఎదురెదురుగా తిరిగే రెండు రోలర్ల మధ్య నలిగి ధాన్యం ఊక వదులుతుంది. రబ్బరు మరీ గట్టిదైతే నూక పెరుగుతుంది, మెత్తనిదైతే రోలర్ త్వరగా అరిగిపోతుంది.

ఇక్కడ పనికొచ్చేది గట్టిదనాన్ని అంకెల్లో కొలిచే డ్యూరోమీటర్. 1920లలో అమెరికాలో ఆల్బర్ట్ షోర్ రూపొందించిన పరికరమిది, అరచేతిలో ఇమిడిపోతుంది. అడుగున మొన తెగ్గోసిన చిన్న సూది 2.5 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకుని ఉంటుంది. రబ్బరుకు ఆనించి నొక్కితే, సూది పూర్తిగా దిగిపోతే ముల్లు 0 దగ్గర, అసలు దిగకపోతే 100 దగ్గర నిలుస్తుంది. అంటే ఒక్కో పాయింటు మిల్లీమీటరులో నలభయ్యో వంతు! ఇది షోర్ ఎ అనే కొలమానం. ముల్లు 90 దాటితే గట్టి వాటికి ఉద్దేశించిన షోర్ డి, 20 కంటే తగ్గితే మెత్తటి వాటికి ఉద్దేశించిన షోర్ ఓఓ వాడాలి. అందుకే పక్కన అక్షరం లేని అంకెను నేను నమ్మను.

ఫోమ్ సంగతి వేరు. అదంతా గాలి గదులే. షోర్ ఎ సూది మొన వెడల్పు 0.79 మిల్లీమీటర్లు, అది గది గోడకు తగిలితే ఒక అంకె, ఖాళీలో దిగితే మరో అంకె. చెప్పుల అట్టలాంటి దట్టమైన ఫోమ్‌కు 5 మిల్లీమీటర్ల గుండ్రటి మొన ఉన్న ఆస్కర్ సి అనే మరో రకం డ్యూరోమీటర్ నప్పుతుంది. పరుపుల ఫోమ్‌కు అదీ చాలదు. 200 మిల్లీమీటర్ల పళ్ళెంతో మందంలో 40 శాతం లోతుకు నొక్కి, 30 సెకన్లు ఆగి, ఎంత బలం పట్టిందో న్యూటన్లలో చూడాలి. అమలాపురం దుకాణాల్లో కోనసీమ కొబ్బరి పీచు పరుపు పక్కనే ఫోమ్ పరుపు పెట్టి ‘40 డెన్సిటీ’ అంటే గట్టిదని అనుకుంటాం. డెన్సిటీ అంటే ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలుంటుందనే లెక్క. ఒకే డెన్సిటీలో మెత్తనిదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది.

మిల్లు యజమానికి షోర్ ఎ ఒక్కటీ చాలు. రబ్బరు మందం కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి, అంచుకు 12 మిల్లీమీటర్లు ఇవతల నొక్కాలి, ఐదు చోట్ల చూసి మధ్య అంకె తీసుకోవాలి. పరీక్షకు ప్రామాణిక ఉష్ణోగ్రత 23 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం, అప్పుడే ఆపిన మిషన్లోని వేడి రోలర్ ఉన్నదానికంటే మెత్తగా కనిపిస్తుంది. తెల్లవారుజామున, మోటారు వేయకముందే కొలవండి.