కళ్లం పోయాక మేర ఎవరు కొలుస్తారు?

చేతివృత్తుల వారికి సాయం అనగానే ఇప్పుడు వినిపించే పేరు పీఎం విశ్వకర్మ. 2023 సెప్టెంబరు 17న మొదలైంది. కమ్మరం, వడ్రంగం, కుమ్మరం, పడవల తయారీ, వలల అల్లిక కలిపి 18 వృత్తులకు వర్తిస్తుంది. పనిముట్లకు రూ.15 వేలు, రెండు విడతల్లో రూ.3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. మంచి పనే. కానీ గోదావరి డెల్టాలో కొలిములు ఆరిపోయింది పనిముట్లు లేక కాదు. వాటిని నిలబెట్టిన ఏర్పాటు చెదిరిపోయింది.

ఆ ఏర్పాటే మేర. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి, తోలుపని చేసే మాదిగ ఏడాది పొడవునా రైతుకు కావాల్సింది చేసిపెట్టేవారు. ఏ పనికి ఆ పని డబ్బులు అడిగేది లేదు. పంట నూర్చాక కళ్లంలోనే కుంచంతో ధాన్యం కొలిచి ఎవరి మేర వారికి ఇచ్చేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువ నీళ్లు పారాక వరి పెరిగింది, దాంతోపాటు నాగళ్లు, బండ్లు, పడవల పనీ పెరిగింది.

బండి చక్రానికి పట్టా ఎక్కించడం చూసినవాళ్లకు ఆ నేర్పేమిటో తెలుసు. వడ్రంగి చెక్కిన చక్రం కంటే ఇనుప పట్టా ఒక పిసరు చిన్నదిగా ఉండాలి. పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే అది సాగుతుంది. ఇద్దరు ముగ్గురు పటకార్లతో ఎత్తి చక్రానికి తొడుగుతారు. కర్ర అంటుకునేలోపు నీళ్లు గుమ్మరిస్తారు. ఇనుము బిగుసుకుంటూ ఆకుల్ని, అంటే చక్రం మధ్య నిలిపే కర్రల్ని, నడిమి కుండలోకి నొక్కేస్తుంది. వడ్రంగి కొలత తప్పినా, కమ్మరి కొలత తప్పినా చక్రం నిలవదు. వడ్రంగి సాల, అంటే పనిచేసే కొట్టం, పక్కనే కమ్మరి సాల ఉండటానికి కారణం అదే.

అలాగని ఆ ఊళ్లను స్వర్గాలుగా చెప్పలేం. 1830లో మెట్కాఫ్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి మన గ్రామాలు తమకు కావాల్సినవి దాదాపు అన్నీ తమలోనే ఉన్న చిన్న గణరాజ్యాలని రాశాడు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఆ పొగడ్తను గట్టిగా తిప్పికొట్టారు. మేర తెలిసినవారెవరైనా అంబేడ్కర్ పక్షమే ఉంటారు. ఎవరికి ఎంత కొలవాలో కులమే తేల్చేది, కొడుకు ఇంకో పని ఎంచుకునే వీలుండేది కాదు. అన్నీ ఊళ్లోనే ఉన్నాయన్న మాటా పూర్తిగా నిజం కాదు. నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం సాగించింది. మడపొల్లం అనే నూలు గుడ్డకు ఆ ఊరి పేరే వచ్చింది.

ట్రాక్టరు వచ్చి నాగలిని, టైరు బండి వచ్చి పట్టా చక్రాన్ని పక్కన పెట్టించాయి. అసలు దెబ్బ కోత మిషనుది. కొడవలికి కక్కు (పళ్లు) కొట్టించే పనే లేకుండా పోయింది. ధాన్యం చేలోంచి నేరుగా ట్రక్కులోకి పోతోంది. కళ్లమే లేనప్పుడు మేర ఎక్కడ కొలుస్తారు? తాళ్లరేవు వైపు చేపల వేటకు పడవలు కట్టేవారు, రోడ్డు పక్క వెల్డింగ్ షాపు పెట్టుకున్నవారు నిలబడ్డారంటే, వాళ్ల గిరాకీ వరి చేనుతో ముడిపడి లేదు కాబట్టే.

మేర సుగ్గికి, అంటే పంట కోతల కాలానికి, ఒకసారి వచ్చేది, బ్యాంకు వాయిదా నెలనెలా వస్తుంది. గిరాకీ లేకుండా అప్పు మాత్రం ఇస్తే ఆ వాయిదా ఎక్కణ్నించి కడతారు? బడి బల్లలు, అంగన్‌వాడీ తలుపులు, పంచాయతీ గేట్లు ముందు ఊళ్లో ఉన్న సాలకే ఇవ్వాలని, పని పూర్తిచేసి అప్పగించిన నెలలోనే డబ్బు చెల్లించాలని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. పనిముట్ల సాయం దాని తర్వాతే.