గొంతు నొప్పి పుడితేనే సాధన చేసినట్టా?

కొత్తగా పాఠాలకి వచ్చిన వాళ్ళని మొదటి రోజు ముందుగా పాడమని అడగను. రోజూ ఎంతసేపు సాధన చేస్తున్నారు, అయ్యాక గొంతు ఎలా ఉంటోంది, అని అడుగుతాను. పాటనే వృత్తి చేసుకోవాలని వచ్చిన వాళ్ళలో చాలామంది చెప్పేది ఒకటే: "బొంగురుపోయేదాకా చేస్తానండీ, నొప్పి పుడితేనే కదా గొంతు పదునెక్కేది!" గర్వంగా చెప్తారు పాపం. నాకు మాత్రం గుండె గుబేలుమంటుంది.

అపోహ: నొప్పి పుట్టేదాకా పాడితే గొంతు గట్టిపడుతుంది.

వాస్తవం: గొంతులో ఉండే స్వరతంత్రులు (వోకల్ కార్డ్స్) రెండూ ఒకదానికొకటి తగులుతూ కంపిస్తేనే స్వరం పుడుతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడే మగవాళ్ళకి సెకనుకి 100 సార్లకు పైగా, ఆడవాళ్ళకి 200 సార్ల దాకా తగులుతాయి. ఆడవాళ్ళు పై స్థాయిలో ఒక స్వరం పట్టి నిలబెడితే 500 సార్లు కూడా దాటొచ్చు. అంత వేగంగా తగిలే వాటిని బిగబట్టి ఇంకా గట్టిగా కొట్టిస్తే ముందు వాపు వస్తుంది, వాచిన తంత్రి బరువెక్కి పై స్వరం పలకదు, పలకట్లేదని మనం ఇంకాస్త అరుస్తాం. నెలల తరబడి ఇదే సాగితే, పారపని చేసిన అరచేతులు కాయలు కాసినట్టు, తంత్రుల మధ్యలో రెండు వైపులా బొడిపెలు లేస్తాయి. నాడ్యూల్స్ అంటే అవే.

ఒక అమ్మాయి ఆడిషన్ పది రోజుల్లో ఉందనగా నా దగ్గరికొచ్చింది. అంతకుముందు నేర్పినవాళ్ళు రోజూ మూడు గంటలు పై స్థాయిలోనే పాడించారట, నొప్పి అంటే "అలవాటవుతుందిలే" అన్నారట. నొప్పి తెలియకుండా గొంతు మొద్దుబార్చే బిళ్ళలు చప్పరిస్తూ పాడుతోంది. పై షడ్జం, అంటే పై 'స', మెల్లగా, గట్టిగా కాదు, చాలా మెల్లగా పలకమన్నాను. ముందు గాలి వచ్చింది, తర్వాతెప్పుడో స్వరం వచ్చింది. ఇక పాడించలేదు, ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపాను. నాడ్యూల్సే. ఆడిషన్ పోయిందని ఆ పిల్ల ఏడుస్తుంటే నాకు ఆ నేర్పినవాళ్ళ మీద ఎంత కోపం వచ్చిందో. కొన్ని నెలలు వాయిస్ థెరపీ, అంటే గొంతుని బిగబట్టకుండా వాడడం నేర్పే చికిత్స, చేయించుకుంది, ఆపరేషన్ అవసరం రాలేదు. నాడ్యూల్స్‌కి సాధారణంగా ముందు చేసేది థెరపీయే, కాబట్టి ఆ పేరు వినగానే పాట అయిపోయిందని బెంగపడకండి.

ఆ మెల్లగా పలికే పరీక్ష మీరూ రోజూ పొద్దున చేసుకోవచ్చు. వాపు మొదలైతే ముందు పోయేది పై స్థాయిలో మెల్లగా పాడడమే. గట్టిగా పాడితే ఆ తేడా బయటపడదు. నిన్న పలికింది ఇవాళ పలకకపోతే సాధన తగ్గించండి. జలుబు వల్ల వచ్చిన బొంగురు చాలావరకు దానంతటదే తగ్గుతుంది, దానికి టెన్షన్ వద్దు. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే మాత్రం చూపించుకోవాలి. పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి గొంతు పోయినా, రక్తం పడినా, ఊపిరి ఆడకపోయినా ఆ రెండు వారాలు కూడా ఆగకండి, మాట్లాడడం మానేసి వెంటనే వెళ్ళండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టు తెలిస్తే అవకాశాలు రావని ఒక పుకారు తిరుగుతుంటుంది, అది విని ఎంతమంది దాచుకుని చెడగొట్టుకున్నారో! 1854లో మాన్యుయెల్ గార్సియా అనే పాటల మాస్టారు నోట్లో చిన్న అద్దం పెట్టుకుని, ఎండని అందులోకి మళ్ళించి, తన స్వరతంత్రులు ఎలా కదులుతున్నాయో తనే చూసుకున్నాడు. పాడేవాళ్ళు గొంతు చూపించుకోవడానికి సిగ్గుపడాల్సింది ఏముంది?

మరి పై స్థాయి ఎలా వస్తుందంటారా? పెదాలు బుర్రుమనిపిస్తూ, లేదా సన్నటి స్ట్రాలో ఊదుతూ స్వరం మెల్లగా పైకి తీసుకెళ్ళండి. ఇరవై నిమిషాలు పాడి ఆపండి, కాసేపాగి మళ్ళీ పట్టండి. పక్కటెముకల దగ్గర, పొట్టలో అలసట వస్తే ఫర్వాలేదు. గొంతులో రాకూడదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. తాగిన నీళ్ళు స్వరతంత్రులను తాకవు, అవి వెళ్ళే దారే వేరు. ఒంట్లో నీరు చాలినంత ఉంటేనే తంత్రులు తడిగా ఉంటాయి, పాడబోయే ముందు గటగటా తాగితే సరిపోదు. గొంతు బాగోలేనప్పుడు గుసగుసలాడడం విశ్రాంతి కాదు, చాలామంది అప్పుడు ఇంకా బిగిస్తారు. శ్రుతి పుట్టుకతోనే రావాలన్నది కూడా నమ్మకండి, శ్రుతి తప్పుతున్న వాళ్ళలో చాలామందికి కావాల్సింది వినడంలో సాధన.

కొత్త గురువు దగ్గర చేరేముందు ఒక్క పాఠం విని చూడండి. మధ్యలో "ఇక్కడ నొప్పిగా ఉందండీ" అని చెప్పండి. పాట ఆపి, ఎక్కడ, ఏ స్వరం దగ్గర అని అడిగితే చేరండి. "అలవాటవుతుందిలే" అంటే ఫీజు కట్టకుండా వచ్చేయండి.